రాజధాని నుంచి రేవుకు: హైదరాబాదు నుంచి పాత గుడులు, నిశ్శబ్ద తీరాలు చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాదుకు సముద్రం లేదు. కానీ ఈ నేలను ఏలిన రాజధానులకు సముద్రం ఉండేది. ఓరుగల్లు కాకతీయులకు మోటుపల్లి రేవు, గోల్కొండ కుతుబ్ షాహీలకు మచిలీపట్నం రేవు సముద్రద్వారాలుగా పనిచేశాయి. అందువల్ల ఇక్కడి నుంచి తీరానికి వెళ్లేవారు గుడిని ఒక యాత్రగా, సముద్రాన్ని వేరొక విహారంగా విడదీసుకోకుండా రెంటినీ ఒకే ప్రయాణంలో చూడాలని నా అభిప్రాయం. రేవు లేకపోతే ఆ గుడికి అంత దానం వచ్చేది కాదు, ఆ గుడి శాసనం లేకపోతే ఆ రేవు సంగతి మనకు ఇంత వివరంగా తెలిసేది కాదు.

ఈ ప్రయాణంలో చాలామంది పోగొట్టుకొనేది వేళ. నేను తొలిసారి వెళ్లినప్పుడు ఉదయమంతా దారిలోనే గడిచిపోయింది. ఒక పల్లెలోని పాత శివాలయానికి మధ్యాహ్నం పన్నెండుంపావుకు చేరేసరికి తలుపులకు తాళం వేసి ఉంది. సరే, సముద్రమైనా చూద్దామని తీరానికి వెళ్తే ఇసుక నిప్పులా కాలుతోంది, నీడకు ఒక్క చెట్టు లేదు. సాయంత్రం గుడి తెరిచే వేళకు తిరుగు బస్సు అందదు కాబట్టి రెండూ చూడకుండానే వెనక్కి వచ్చాం. గుడికి ఒక గడియారం, సముద్రానికి ఒక గడియారం ఉంటాయని, ఆ రెండూ కలిసే చోట మన రోజును అమర్చుకోవాలని ఆ రోజే నేర్చుకున్నాను. కింద రాసినదంతా ఆ అమరికను గురించే.

మొదటి అడుగు: ముందు మన ఊళ్లోనే చూడటం నేర్చుకోవడం

దూరప్రయాణానికి ముందు రెండు ఆదివారాలు హైదరాబాదులోనే వెచ్చించండి. ఆరాధన జరుగుతున్న చారిత్రక కట్టడంలో ఎలా నడుచుకోవాలో, ఏమి చూడాలో ఇక్కడే అలవాటవుతుంది.

పాతబస్తీలోని మక్కా మసీదు నిర్మాణం కుతుబ్ షాహీల కాలంలో మొదలై, గోల్కొండ మొఘలుల వశమైన తరువాత, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. మొదలుపెట్టిన వంశం వేరు, ముగించిన వంశం వేరు. ఆవరణలో అసఫ్ జాహీల సమాధులున్నాయి. ఇక్కడ నేర్చుకోవలసినవి మూడు. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు వేళ చూడటానికి వెళ్లకూడదు. నమాజు చేస్తున్నవారి ముందు నుంచి దాటకూడదు, వెనుక నుంచి తిరిగి వెళ్లాలి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి, స్త్రీలు తలమీదకు కొంగో చున్నీయో తీసుకోవాలి.

తరువాత కార్వాన్‌లోని తోలి మసీదుకు వెళ్లండి. 1671లో కట్టిన ఈ చిన్న మసీదుకు జనం పెద్దగా రారు, అందుకే నిదానంగా చూడటం నేర్చుకోవడానికి ఇది మంచి చోటు. దూరం నుంచి మొత్తం ఆకారాన్ని ఒకసారి చూసి, దగ్గరకు వెళ్లి ముందువైపున్న ఐదు తోరణాలను ఒక్కొక్కటిగా చూడండి. ఒక తోరణం మీది సున్నపు నగిషీని పక్క తోరణంతో పోల్చితే, పనివాడి చెయ్యి ఎక్కడ మారిందో, ఎక్కడ కొత్త సున్నం పూశారో కన్ను పట్టేస్తుంది. సికింద్రాబాదులోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. ప్రార్థన జరుగుతుంటే వెనుక బెంచీలో కూర్చొని, అది ముగిశాకే లేచి తిరగడం అక్కడి మర్యాద. దర్గాకు వెళితే గడపను తొక్కకుండా దాటి అడుగుపెట్టండి.

రెండో అడుగు: ఏ రేవుకు వెళ్లాలో నిర్ణయించుకోవడం

సొంత కారు ఉన్నవారికి బందరు దారి సులువు. మన ఊరి మధ్య నుంచి వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా నేరుగా మచిలీపట్నంలోనే ముగుస్తుంది. గోల్కొండ సరుకు కోసం డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఈ రేవులో స్థావరం పెట్టుకున్నారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఊరిని ఊడ్చేసింది, సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. బందరుకోటలోని డచ్చివారి సమాధుల రాళ్ల మీద వంశచిహ్నాలు ఎంతో శ్రద్ధగా చెక్కి ఉంటాయి, వాటిని చూడకుండా రావద్దు. చిలకలపూడి పాండురంగస్వామి గుడి, ఊరికి పది పదకొండు కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి తీరం ఒకే దారిలో ముగించవచ్చు. దారిలో ఘంటసాల బౌద్ధస్తూపం, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు ఆలయం కలుపుకుంటే రెండు రోజులు నిండుతాయి. కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణదేవరాయలు ఆగిన గుడి ఇదే. స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆయనే చెప్పుకున్నాడు.

రైలులో వెళ్లేవారికి బాపట్ల, చీరాల, మోటుపల్లి దారి మేలు. నాకు ఇష్టమైనది కూడా ఇదే, అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీనికే ఇస్తున్నాను. సికింద్రాబాదు నుంచి గూడూరు, చెన్నై వైపు రాత్రిపూట వెళ్లే రైళ్లలో బాపట్లలోను, చీరాలలోను ఆగేవి ఉన్నాయి. వాటిలో అర్ధరాత్రి దించేవీ ఉన్నాయి, తెల్లవారుజామున దించేవీ ఉన్నాయి కాబట్టి ఎక్కే వేళకంటే దిగే వేళను ముందు చూసుకొని టికెట్టు తీసుకోండి.

నాలుగు రోజుల సెలవు దొరికితే ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం జిల్లాకు వెళ్లవచ్చు. శ్రీకూర్మం, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలు, ఆ నది సముద్రంలో కలిసే కళింగపట్నం తీరం ఒకదానికొకటి దగ్గరలోనే ఉంటాయి.

మూడో అడుగు: నెలను, వారాన్ని ఎంచుకోవడం

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఈ తీరం హాయిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం కనుక, బయలుదేరే ముందు రెండు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడాలి. కార్తీక మాసంలో, ముఖ్యంగా పౌర్ణమినాడు, సముద్రస్నానానికి వేలమంది వస్తారు. భక్తితో వెళ్లేవారికి అది గొప్ప దృశ్యమే అయినా నిశ్శబ్దం కోరుకొనేవారు ఆ నెలను వదిలేయాలి. ధనుర్మాసంలో వైష్ణవాలయాలు తెల్లవారకముందే తెరుచుకుంటాయి కనుక సూర్యోదయానికి ముందే దర్శనం ముగించుకొని తీరానికి వెళ్లవచ్చు. గ్రహణం ఉన్న రోజున చాలా గుడులు మూసి ఉంటాయి, పంచాంగం ఒకసారి తిరగేయండి. పురావస్తు శాఖ వారి స్థల మ్యూజియములకు శుక్రవారం సెలవు.

వారంలో మంగళ, బుధ, గురువారాలు మేలు. సూర్యలంక తీరం ఆదివారం సంతలా ఉంటుంది, అదే తీరం బుధవారం తెల్లవారుజామున చూస్తే ఇది అదేనా అనిపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల చేపలవేట నిషేధం. ఆ రోజుల్లో ఎండ తీవ్రంగా ఉన్నా, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులు నీడన కూర్చొని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. రెండు మాటలు మాట్లాడటానికి వారికీ తీరిక ఉంటుంది.

నాలుగో అడుగు: రోజును అమర్చుకోవడం

తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. బాపట్ల ప్రాంతంలో జూన్‌లో సుమారు 5:40కి, జనవరి నడిమధ్యలో సుమారు 6:40కి సూర్యోదయం. అంతకు అరగంట ముందే ఇసుక మీద ఉండాలి. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక అల తక్కువగా, ఇసుక చల్లగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ గాలి తిరగబడి, మధ్యాహ్నానికి సముద్రం నుంచి ఒడ్డుకు బలంగా కొడుతుంది.

కాబట్టి ఎనిమిదింటి వరకు సముద్రం. తరువాత బసకు వచ్చి మంచినీళ్లతో స్నానం చేసి, పొడిబట్టలు కట్టుకొని, తొమ్మిదింటికల్లా గుడికి వెళ్లాలి. ఉప్పునీళ్లలో తడిసిన బట్టలతో, కాళ్లకు ఇసుకతో గుడి మెట్లెక్కవద్దు. పల్లెటూరి గుడులు సాధారణంగా పదకొండు, పన్నెండింటికి మూసేసి సాయంత్రం నాలుగు, ఐదింటికి తెరుస్తారు. మధ్యాహ్నం భోజనానికి, నిద్రకు, లేదా గుడి కాని చోటుకు కేటాయించండి. ఉదాహరణకు వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, పాత తెలుగు పత్రికల మీద ప్రేమ ఉన్నవారికి ఒక మధ్యాహ్నం చాలదు. సాయంత్రం మరొక గుడి చూసుకొని, చీకటి పడకముందే బసకు చేరాలి.

నా దగ్గర ఉన్న రెండు రోజుల పథకం ఇలా ఉంటుంది. మొదటి రోజు తెల్లవారుజామున బాపట్లలో దిగి, సంచులు బసలో పెట్టి, ఆటోలో తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంకకు వెళ్లడం, తిరిగి వచ్చి ఊరి మధ్యలోని భావనారాయణస్వామి ఆలయం చూడటం, సాయంత్రానికి చీరాల చేరడం. బాపట్లకు ఆ పేరు ఈ స్వామి వల్లనే వచ్చింది, భావపురి అన్న మాటే వాడుకలో బాపట్ల అయింది. రెండో రోజు ఉదయం చీరాలకు దగ్గరలో ఓడరేవు అనే ఊరి తీరం, అక్కడి నుంచి నేరుగా మోటుపల్లి.

ఐదో అడుగు: గుడిలోకి వెళ్లడం, రాతిని చదవడం

పాత గుడి మూసి ఉంటే వెనక్కి తిరగకండి. ఒకే అర్చకుడు రెండు మూడు గుడులు చూసుకొనే ఊళ్లు చాలా ఉన్నాయి. అరుగు మీద కూర్చున్న పెద్దవారిని "అయ్యగారి ఇల్లెక్కడండీ?" అని అడిగితే ఎవరో ఒకరు దారి చూపిస్తారు, కొన్నిసార్లు పిల్లవాడిని పంపి పిలిపిస్తారు కూడా. అర్చకులు వచ్చాక ముందు దర్శనం చేసుకొని, తీర్థం తీసుకొని, పళ్లెంలో దక్షిణ వేసి, ఆ తరువాతే "స్వామీ, మండపంలో శాసనం ఉందట, చూడవచ్చునా?" అని అడగండి. వచ్చీ రాగానే కెమెరా తీసినవారికి, ముందు దేవుడికి దండం పెట్టినవారికి దొరికే ఆదరణ వేరుగా ఉంటుంది. గర్భాలయాన్ని ఫొటో తీయవద్దు. శివాలయ ప్రదక్షిణలో అభిషేకజలం బయటకు వచ్చే సోమసూత్రాన్ని దాటకుండా అక్కడి నుంచి వెనుదిరగడం సంప్రదాయం. బౌద్ధ స్తూపానికి కూడా కుడివైపుగానే తిరగాలి, ఇటుకల మీదికి ఎక్కకూడదు.

శాసనం చదవడం పండితులకే సాధ్యమని చాలామంది వదిలేస్తారు. పూర్తిగా చదవలేకపోయినా దాని కాలాన్ని, విషయాన్ని పట్టుకోవచ్చు. మొబైల్ టార్చిని అక్షరాలకు ఎదురుగా పట్టుకుంటే రాయి చదునుగా, బోసిగా కనిపిస్తుంది. అదే టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కవాటుగా పట్టుకుంటే, ఒక్కొక్క గీతలోకి నీడ దిగి అక్షరాలు వరుస కట్టి లేచి నిలబడతాయి. అప్పుడు ఫొటో తీయండి. సుద్దపొడి, పసుపు, నూనె రాయవద్దు, పూర్వం అలా రాసినందువల్లే ఎన్నో రాళ్లు పూడిపోయాయి. పన్నెండు, పదమూడు శతాబ్దాల అక్షరాలు మన లిపికి, కన్నడ లిపికి నడుమన ఉన్నట్టు అనిపిస్తాయి, పది నిమిషాలు చూస్తే కొన్ని పోలికలు అందుతాయి. మొదట "స్వస్తి శ్రీ" కోసం, తరువాత "శకవర్షంబులు" అన్న మాట కోసం వెతకండి. దాని పక్కన అంకెలుంటే 78 కలపండి, అదే మన లెక్కలో సంవత్సరం. పైన సూర్యచంద్రులను చెక్కి ఉంటే, ఆ దానం ఆచంద్రార్కం నిలవాలని అర్థం. తీరప్రాంతపు గుడుల్లో చాలా శాసనాలు అఖండదీపానికి ఇచ్చిన దానాలే. దీపానికి నిత్యం నెయ్యి అందాలని ఇన్ని గొర్రెలనో, ఇన్ని ఆవులనో కాపరులకు అప్పగించినట్టు వాటిలో ఉంటుంది. చివర, దానాన్ని అపహరించినవారికి శాపం.

ఇప్పుడు మోటుపల్లి. చీరాలకు దక్షిణంగా, చినగంజాం మండలంలో ఉన్న ఈ పల్లెను చూస్తే, పదమూడో శతాబ్దపు చివర వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చెప్పుకున్న రేవు ఇదేనని నమ్మడం కష్టం. వీరభద్రస్వామి ఆలయం ముందరి మండపంలో ఒక స్తంభం మీద కాకతి గణపతిదేవుడి అభయశాసనం ఉంది. శకవర్షం 1166, అంటే 1244. అందులో చక్రవర్తి చెప్పిన సంగతి ఇది: ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు తుఫానుకు చిక్కి, విరిగి ఒడ్డున పడితే, వాటిలోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కొనేవారు. ప్రాణం కంటె ధనమే ఎక్కువని తలచి సముద్రానికి తెగించిన ఆ వర్తకులకు, మేము దయతోను, కీర్తికోసమూ, ధర్మంకోసమూ, నియమిత సుంకం తప్ప మిగిలినదంతా వదిలిపెడుతున్నాము. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైలో ఒక వంతు.

ఆ స్తంభం ఎదుట కనీసం అరగంట కూర్చోండి. ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజు, ఆ ఒడ్డున ఓడ పగిలి సర్వం పోగొట్టుకున్న ముక్కూమొగం తెలియని మనిషిని తలచుకొని చెక్కించిన మాటలవి. పొద్దున్న మీరు చూసి వచ్చిన అలలే ఆ ఓడలను విరిచినవి. సముద్రాన్ని ముందు చూసి గుడికి తరువాత రమ్మని నేను అంతగా చెప్పడానికి, బట్టలు మార్చుకొనే సౌకర్యం కంటె, ఇదే అసలు కారణం.

ఆరో అడుగు: సముద్రం దగ్గర

నిశ్శబ్ద తీరంలో గజ ఈతగాళ్లు, హెచ్చరిక జెండాలు ఉండవని గుర్తుపెట్టుకోండి. దిగే ముందు వలలు సర్దుకొంటున్నవారిని "అన్నా, ఇప్పుడు పోటా, పాటా? ఇక్కడ దిగొచ్చా?" అని అడగండి. నీరు ఒడ్డుకు ఎక్కే వేళ పోటు, వెనక్కి తీసే వేళ పాటు. అమావాస్యకు, పౌర్ణమికి ఈ ఎక్కుదిగుడు ఎక్కువ. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎంత ప్రశాంతంగా కనిపించినా దిగవద్దు, అక్కడ అడుగున లాగుడు, గుంటలు ఉంటాయి. మంగినపూడి వంటి చోట నీరు లోతు లేకపోయినా నల్లని బురద కాలిని పట్టేస్తుంది.

ఐదు నిమిషాలు నిలబడి అలలను చూస్తే ప్రమాదస్థలం మీకే కనిపిస్తుంది. రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతూ, నడుమ ఒక్కచోట మాత్రం అల విరగకుండా నీరు నల్లగా, నున్నగా ఉంటే, అక్కడ నీరు వెనక్కి లోపలికి పోతోందన్నమాట. కొత్తవారు అదే నెమ్మదైన చోటని పిల్లలను దింపుతారు. పొరపాటున అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీది అలిసిపోకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటుకు చేరాక వాటితో పాటు బయటకు రండి. ఈత రానివారు మోకాలిలోతు దాటవద్దు. భోజనం చేసి, మద్యం తాగి, చీకటి పడ్డాక నీళ్లలోకి అసలే వెళ్లవద్దు.

ఓడరేవు వంటి తీరాలు ముందు మత్స్యకారుల పని చోట్లు, తరువాతే మనకు విహార స్థలాలు. ఆరబెట్టిన వలను తొక్కకండి, పడవను ఆనుకొని ఫొటో దిగే ముందు అడగండి. అలివి వల లాగుతున్నవారి తాడుకు అడ్డం నడవవద్దు. శీతకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి రాత్రివేళ వస్తాయి. ఆ నెలల్లో రాత్రిపూట తీరం మీద టార్చి, మంట వెలిగించకండి. వెలుతురుకు బెదిరి తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది, పిల్లలు దారి తప్పి ఊరి వైపు పాకుతాయి.

ఏడో అడుగు: సంచి, తిరుగు ప్రయాణం

వెంట తీసుకువెళ్లవలసినవి తక్కువే. మనిషికి రెండు జతల పొడిబట్టలు, గుడికి పంచె లేదా చీర, కండువా, చెప్పులకు ఒక గుడ్డసంచి, చిన్న నోట్లు, టోపీ, మంచినీళ్లు, ఒక నోటుపుస్తకం. పల్లెల్లో ఫోన్ చెల్లింపులు నడుస్తున్నా, సిగ్నల్ లేని చోట ఆటోవారికి ఇవ్వడానికి నగదే అక్కరకు వస్తుంది. మోటుపల్లికి వెళ్లేటప్పుడు ఆటోను రానూ పోనూ మాట్లాడుకొని, అక్కడ రెండు గంటలు ఆగాలని ముందే చెప్పండి. తిరిగి వచ్చేటప్పుడు చీరాల చేరడానికి వాహనం దొరకక ఇబ్బంది పడేవారిని చూశాను.

తిరుగు రైలు చీరాలలో ఎక్కేటట్టయితే, స్టేషనుకు గంట ముందే చేరి ప్లాట్‌ఫారం మీద కూర్చొని నోటుపుస్తకం తీయండి. ఏ గుడిలో ఏ స్తంభం, ఏ వైపు ముఖం, ఏ శకవర్షం, అర్చకులు ఏమి చెప్పారు అన్నవి అప్పుడే రాసుకోవాలి. హైదరాబాదు చేరాక ఫొటోలన్నీ ఒకే రాయిలా కనిపిస్తాయి, ఏది ఎక్కడిదో గుర్తుండదు. అర్చకులకు మీరు తీసిన శాసనం ఫొటో పంపిస్తానని మాట ఇచ్చి ఉంటే, రైలు కదిలేలోగా పంపేయండి.